లహరి తల్లి

రాయ్‌పూర్ స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్‌లో పదిహేడేళ్లుగా కూర్చుంటున్న మహేశ్వరి ఎంతమందికి విశాఖపట్నం టికెట్లు కొట్టి ఇచ్చిందో ఆమెకే లెక్క తెలియదు. తను మాత్రం నలభై ఎనిమిదో ఏట, రెండువేల పద్దెనిమిది కార్తీకమాసంలో, మొదటిసారి ఆ బండి ఎక్కింది.

అంతవరకూ ఎక్కకపోవడానికి కారణం తల్లి పార్వతమ్మ. స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక ఆవిడ మళ్లీ సరిగ్గా నడవలేదు. ఒక పూట దాటి వదిలి వెళ్లడానికి లేదు. తమ్ముడు రవి నాగ్‌పూర్‌లో ఉంటాడు, పండగలకు ఫోన్ చేస్తాడు. పార్వతమ్మ కిందటేడు వానాకాలంలో పోయింది. ఏడాది గడిచాక, తాముండే రైల్వే డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీలో పక్క క్వార్టర్ ఆవిడ, "ఎక్కడికైనా వెళ్లి రా దీదీ, గోడలతో మాట్లాడుతున్నావు" అంది. మహేశ్వరి గోడలతో మాట్లాడిన మాట నిజమే. రైల్వే ఉద్యోగులకిచ్చే పాస్ రాయించుకుంది. పాస్ మీద ఎప్పుడూ ఉండే రెండు పేర్లకు బదులు ఈసారి ఒకటే ఉంది.

విశాఖలో మొదటిరోజు లాడ్జి గదిలో పడుకునే గడిపింది. రెండోరోజు పొద్దున్నే సముద్రం పక్కనుంచి పోయే బస్సెక్కి భీమునిపట్నంలో దిగింది. చూడాల్సినవంటూ పెద్దగా ఏమీ లేవనీ, ఊరు ప్రశాంతంగా ఉంటుందనీ లాడ్జి కాపలాదారు చెప్పాడు. అలాంటి ఊరే కావాలనిపించింది.

గడియారస్తంభం దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నది. "థోడా పానీ" అని అలవాటుగా నోరుజారింది. ఇడ్లీ బండాయన గ్లాసు అందిస్తూ, "కహాఁ సే ఆయీ, మేడమ్?" అని హిందీలోనే ఊరు అడిగాడు. ఆమె తెలుగులో జవాబు చెప్పింది. ఆయన మాత్రం హిందీ వదల్లేదు. తాతల కాలంలో బొబ్బిలి వైపు నుంచి రైలు పనికి వలసపోయిన కుటుంబం మహేశ్వరి వాళ్లది. రాయ్‌పూర్‌లో ఆమెను అందరూ ఆంధ్రావాళ్లమ్మాయి అంటారు. ఇక్కడికొస్తే ఇలా ఉంది.

తొందరేమీ లేదు. పాత డచ్చివాళ్ల సమాధులు చూసింది. శంకువుల్లా నిలబెట్టిన వాటి మీద గడ్డి మొలిచింది. ఒక మేక ఆ గడ్డి తింటోంది. లైట్‌హౌస్ నీడలో కాసేపు కూర్చుంది. తర్వాత గోస్తని నది సముద్రంలో కలిసేచోటుకు నడిచింది. నీళ్లు అక్కడ రెండు రంగుల్లో ఉన్నాయి. పడవల దగ్గర నలుగురు వలలు బాగుచేసుకుంటున్నారు. వాళ్లు ఆమెను ఒకసారి చూసి మళ్లీ పనిలో పడ్డారు.

చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో నిలబడింది. సముద్రాన్ని చూస్తే ఏడుపొస్తుందేమోనని బండిలో వస్తున్నప్పుడు భయపడింది. ఏమీ రాలేదు. అరికాళ్ల కింద ఇసుక జారిపోతుంటే కొంచెం నవ్వొచ్చింది, ఆ నవ్వు ఎవరికి చూపించాలో తెలియలేదు. ఫోన్ తీసి ఒక ఫొటో తీసింది. అందులో అంతా నీళ్లే. తమ్ముడికి పంపింది. రవి బొటనవేలు బొమ్మ తిరిగి పంపాడు. ఆ తర్వాత ఫోన్ సంచిలో పెట్టేసింది.

మధ్యాహ్నానికి ఎండ ఎక్కింది. ఒడ్డు వెంబడే దక్షిణానికి నడిస్తే ఒక సరుగుడు తోట వచ్చింది. నీడ కోసం లోపలికి వెళ్లింది. అక్కడ అరవై డెబ్బై మంది ఆడవాళ్లు ఉన్నారు. రోడ్డు మీద రెండు బస్సులు ఆగి ఉన్నాయి. కార్తీక వనభోజనాలు. తోటలో ఉసిరిచెట్టు లేదు కాబట్టి ఒక ఉసిరికొమ్మ తెచ్చి ఇసుకలో పాతి, దాని మొదట్లో పసుపు కుంకుమ పెట్టారు. వరసగా విస్తళ్లు పరుస్తున్నారు.

మహేశ్వరి వెనక్కి తిరగబోయింది. పులిహోర బేసిన్ చంకనెట్టుకున్న ఒకావిడ కేకేసింది.

"ఇంకా అలగ నిలబడిపోనావేటి? కూకో, కూకో. తర్వాత బంతి నేదు."

"అరే, నేను..."

"కూకోమంటే!"

పక్కావిడ చెయ్యి పట్టి లాగింది. మహేశ్వరి కూర్చుంది. పులిహోర వచ్చింది, కందా బచ్చలి వచ్చింది, ముద్దపప్పు మీద దప్పళం వచ్చింది. లేచి, నేను మీ మనిషిని కాదని చెప్పాలనుకుంటూనే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అమ్మ పోయాక ఆమె ఇంకొకరి పక్కన కూర్చుని తిన్నది లేదు. కౌంటర్ వెనక టిఫిన్ డబ్బా తెరిచినా, ఇంట్లో కంచం పెట్టుకున్నా ఒక్కతే. రెండో ముద్ద తిన్నాక చెప్పడం కష్టమైంది. దప్పళం మళ్లీ వడ్డించేసరికి ఇక చెప్పలేననుకుంది.

వాళ్ల మాటలను బట్టి సంగతి అర్థమైంది. గజపతినగరం వైపు రెండు ఊళ్ల పొదుపు సంఘాలు కలిసి వచ్చాయి. ఒక ఊరివాళ్లకు రెండో ఊరివాళ్లు అంతగా తెలియదు. ఈమెను చూసిన ప్రతివాళ్లూ అవతలి ఊరి మనిషి అనుకుంటున్నారు.

పక్కన కూర్చున్నావిడ పేరు సరోజిని. యాభై ఉంటాయి, ముక్కుకు రెండువైపులా పుడకలు, మెడ దగ్గర చిన్న కాలిన మచ్చ. తినడం అయ్యాక ఇద్దరూ చేతులు కడుక్కోవడానికి నీళ్ల దగ్గరికి వెళ్లారు.

"నీ మాట మా వోళ్ల మాటలాగే ఉంది గాని, మద్దిలో ఏదో పడతంది," అంది సరోజిని. "ఏ వూరు మీది?"

ఇక్కడ మహేశ్వరి అబద్ధం ఆడలేదు. "ఉండేది రాయ్‌పూర్‌లో. మా తాతలది బొబ్బిలి వైపు."

"అయితే కిందూరోళ్లింటికి సుట్టంగా వచ్చినావన్న మాట." సరోజిని తనే తేల్చేసుకుంది. అంతలోనే ఆవిడ మొహం మారిపోయింది. "రాయిపూరా? అక్కడ ఉర్లా అని ఉంటాది, ఎరుగుదువా?"

"ఎందుకు ఎరగను? మా ఇంటికి దగ్గరే. అన్నీ ఫ్యాక్టరీలు."

సరోజిని తడిచేతులు చీరకు తుడుచుకుంటూ ఉండిపోయింది. ఎంతసేపు తుడుచుకుందో! తర్వాత అడిగింది.

"నీకు పిల్లలెంతమంది?"

ఈ ప్రశ్న మహేశ్వరిని అందరూ అడిగేదే. పెళ్లి కాలేదని చెప్పగానే అవతలివాళ్ల కళ్లలో ఒక తలుపు మూసుకోవడం ఆమె చాలాసార్లు చూసింది. ఇవాళ అది చూడాలనిపించలేదు. ఎదురుగా ఒక కెరటం లేచి విరిగి ఒడ్డుకు పాకింది.

"ఒక్కతే. లహరి," అంది.

"నాకూ ఒక్కత్తే," అంది సరోజిని. "త్రివేణి."

ఇసుకలో కూర్చుని సరోజిని చెప్పింది. త్రివేణి మూడేళ్ల కిందట తమ కులం కాని కుర్రాణ్ని చేసుకుంది. దుర్గారావు అని, ఉర్లాలో వెల్డింగు పని. పెళ్లి చేసుకుని దీవెనలకు ఇద్దరూ గుమ్మంలోకి వస్తే సరోజిని వీధంతా వినేలా, నువ్వు నా మటుకు చచ్చిపోయావు అంది. ఇప్పుడు వాళ్లు బీర్‌గావ్‌లో అద్దెకు ఉంటున్నారు. కొడుకు పుట్టాడట. ఏడాదిన్నర. ఫొటో కూడా చూడలేదు.

"మా ఆయన ఎల్లమనే అంటాడు. నానే ఎల్లనేదు. అన్నమాట అన్నాక ఏ మొగం పెట్టుకుని ఎల్తాం సెప్పు? అదొస్తే సూద్దారనుకున్నాను. అదీ రాదు. దానికీ నా పంతమే."

మహేశ్వరి నోరు తెరిచింది. ఏం చెప్పబోతున్నదో ముందు ఆమెకే తెలియదు.

"మా లహరి కూడా ఇంతే," అంది. "మాట్లాడ్డం మానేసి భిలాయ్ వెళ్లిపోయింది. అక్కడొక స్కూల్లో పనిచేస్తూ హాస్టల్లో ఉండేది. మా ఇంటికి లోకల్ బండిలో అరగంట. ఒట్టి అరగంట! రెండేళ్లు నేను వెళ్లలేదు, తను రాలేదు."

"ఏటన్నావు దాన్ని?"

"మావాళ్లబ్బాయి నిశ్చితార్థానికి వచ్చిన చుట్టాలందరి ముందూ అన్నాను. దీని మొహం చూసి ఎవడొస్తాడు, ఇది ఇంట్లోనే పడుంటుంది అని."

"అయ్యో."

"ఒక ఆదివారం వెళ్లాను. హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాను. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది, అందులో సున్నుండలు. పిల్ల మేడ మీద నుంచి చూసింది. కిందికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి ఏమీ అనలేదు. డబ్బా తీసుకుని, ఎండలో ఎందుకు నిలబడ్డావు, లోపలికి రా అంది. అంతే. ఇంకేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. మీరు వెళ్లండి. వాళ్లు వస్తారని చూడకండి. మీరు రావాలని అక్కడ మీ త్రివేణి రోజూ చూస్తూనే ఉంటుంది."

సరోజిని ఏడ్చింది. మహేశ్వరి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, మనవడి పేరు కూడా తనకు తెలియదని చెప్పి ఏడ్చింది. మహేశ్వరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

భిలాయ్ హాస్టల్లో రెండేళ్లున్న పిల్ల మహేశ్వరే. చుట్టాల ముందు ఆ మాట అన్నది పార్వతమ్మ. ఆదివారాలు మేడ మీద బట్టలు ఆరేస్తూ మహేశ్వరి గేటు వైపు చూసేది. టిఫిన్ డబ్బాతో ఎవరూ రాలేదు. తల్లి స్నానాలగదిలో పడిందని ఇరుగుపొరుగువాళ్లు ఫోన్ చేస్తే తనే తిరిగి వెళ్లింది. ఆ తర్వాత పదిహేడేళ్లు తల్లీకూతుళ్లు ఒకే గదిలో పడుకున్నారు. ఆ రెండేళ్ల గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

తోటలో పాటలు మొదలయ్యాయి. అంత్యాక్షరిలో హిందీ పాటకు మహేశ్వరిని లేపారు. పాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకావిడ తలలో చేమంతులు తుంచి ఆమె జడలో పెట్టింది. నాలుగు గంటల వరకూ ఆమె అక్కడే ఉంది. చాలా ఏళ్లలో అంత తేలిగ్గా గడిచిన పూట లేదు.

సంఘం లీడరు బస్సుల దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టేసరికి మహేశ్వరి లేచింది. "నేను బస్సులో రావడం లేదు. విశాఖలో చెల్లెలింటికి వెళ్లాలి," అని సరోజినితో చెప్పింది. ఆమెకు చెల్లెలు లేదు. ఇది రెండో అబద్ధం, మొదటిదానంత కష్టంగా రాలేదు. సరోజిని ఫోన్ నంబరు అడిగి, తన ఫోన్‌లో 'లహరి తల్లి' అని ఎక్కించుకుంది.

బస్సులు కదిలాయి. కిటికీలోంచి సరోజిని చెయ్యి ఊపింది. బస్సులు మలుపు తిరిగాక తోట ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు అనిపించింది. ఎంగిలి విస్తళ్ల దగ్గర కాకులు చేరాయి. మహేశ్వరి బస్టాండు వరకూ నడిచి, విశాఖ బస్సులో సముద్రం వైపు సీటు దొరికినా అటు చూడకుండా కూర్చుంది.

*

మాఘమాసంలో ఒకరోజు డ్యూటీ దిగి ఇంటికి వస్తుంటే ఫోన్ మోగింది.

"లహరి తల్లీ, బీరుగాములో ఉన్నాను. మా త్రివేణి కాడే. వచ్చి అయిదు రోజులయింది. రేపు సందేళ బండికి ఎల్లిపోతాను. మీ ఇంటికొచ్చి ఎల్తాను. పిల్లని ఉండమను."

మహేశ్వరి చిరునామా చెప్పింది. ఆ సాయంత్రమంతా అబద్ధాన్ని సర్దుకుంది. లహరికి పుణేలో ఉద్యోగం వచ్చింది. పోయిన నెలే వెళ్లింది. ఫొటో ఎందుకు లేదంటే, ఫోన్ పాడైంది. పొద్దున లేచి వంకాయ కూర, చారు, సేమ్యా పాయసం చేసింది. సెలవు పెట్టింది. తల్లి మంచం ఉన్న గదిలోకి కొత్త దుప్పటి తెచ్చి పరిచింది, అది కూతురి గదిలా కనిపించాలని.

సరోజిని పదకొండింటికి ఆటో దిగింది. నవ్వుతూ లోపలికి వచ్చి, కుర్చీలో కాకుండా నేల మీద చతికిలబడింది.

"నువ్వు సెప్పినట్టే అయినాది. అచ్చం అలగే! తలుపు తీసి సూసింది. మాట నేదు, పలుకు నేదు. లోపలికెల్లి టీ పెట్టి తెచ్చింది. ఆ రోజంతా అంతే. రెండోనాడు పొద్దున్న గుంటణ్ని తెచ్చి నా ఒళ్లో ఏసి నీళ్లకెల్లిపోయింది. సాయి అని పేరెట్టినారు. నా ముక్కుపుడకలు ఒకటే లాగుడు." సంచిలోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. డజను ఎర్ర గాజులు. "ఇవి మీ లహరికి. దాని కత ఇన్నాకే కదా నాను బండెక్కినాను. ఏదీ, పిలు."

పుణే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరోజిని మొహం తలుపు వైపు తిరిగి ఉంది, పిల్ల ఇప్పుడే వస్తుందన్నట్టు. మహేశ్వరి ఆ మాట అనలేకపోయింది.

"లహరి లేదు," అంది.

"ఎక్కడికెల్లింది?"

"ఎక్కడికీ కాదు. లేనే లేదు, సరోజినిగారూ. నాకు పెళ్లి కాలేదు. ఆ రోజు మీవాళ్లలో నేనెవరికీ చుట్టాన్ని కాదు. ఒక్కదాన్నే వచ్చాను. మీవాళ్లు కూర్చోమంటే కూర్చున్నాను."

 సరోజిని గాజుల వైపు చూసింది, మహేశ్వరి వైపు చూసింది.

"అంటే అంతా అబద్ధమేనా?"

"భిలాయ్ సంగతి అబద్ధం కాదు. హాస్టల్లో ఉన్నది నేను. అలా అన్నది మా అమ్మ. కానీ అమ్మ రాలేదు. వస్తే ఎలా ఉంటుందో రోజూ అనుకునేదాన్ని. అదే మీకు చెప్పాను."

బయట ఎవరో కుక్కర్ దింపిన చప్పుడు. 

"అదే సెప్పుంటే సరిపోను కదమ్మా," అంది సరోజిని. కోపంగా అనలేదు. "కూతురున్న మనిషివని నీ కాడ అంత ఏడుపు ఏడ్సినాను. మా ఆయన కాడైనా అలగ ఏడవనేదు. నేని పిల్ల కోసం గాజులు బేరమాడినాను. మా త్రివేణికీ సెప్పినాను, లహరని ఒక గుంట ఉంది, నీలాంటిదేనని. సూడాలని అంది అది."

"తప్పే. మాఫ్ చెయ్యండి."

"మాపేటి? నా పని అయితే అయింది కదా, నీ మాటకే అయింది." సరోజిని పొట్లం మళ్లీ కట్టింది. ముడి సరిగ్గా పడలేదు, రెండోసారి వేసింది. "మనసుకే ఎలగో ఉంది. నీకు సెప్పినయి ఎవరికి సెప్పినానో తెలీనేదు."

మహేశ్వరి కంచాలు పెట్టడానికి లేచింది. సరోజిని కూడా లేచింది.

"నానెల్తాను. బండి టైమైపోద్ది."

బండి సాయంత్రానికి గాని లేదు. ఆ టైములన్నీ మహేశ్వరికి కంఠతా వచ్చు. సాయంత్రం బండని ముందురోజు ఫోన్‌లో చెప్పింది సరోజినే. ఇద్దరిలో ఎవరూ ఆ మాట అనలేదు.

"కొంచెం అన్నం తిని వెళ్లండి. మీకోసమే చేశాను."

సరోజిని గుమ్మంలో ఆగి చెప్పులు తొడుక్కుంది. వంటింటి వైపు ఒకసారి చూసింది. తినేదేనేమో అని మహేశ్వరికి ఒక్కక్షణం ఆశ కలిగింది. "మంచినీల్లియ్యి," అంది సరోజిని. నిలబడే తాగింది. గ్లాసు తిరిగి ఇస్తూ మహేశ్వరి ముంజేతిని ఒకసారి తాకింది, తర్వాత సంచి సర్దుకుని మెట్లు దిగింది. ఆటో దాకా వస్తానంటే వద్దంది.

మహేశ్వరి మధ్యాహ్నం రెండింటికి వంకాయ కూరతో అన్నం తిన్నది. పాయసం గిన్నె పక్కింటికి ఇచ్చింది. కొత్త దుప్పటి మడిచి బీరువాలో పెట్టింది.

మర్నాడు ఆమె కౌంటర్‌లో ఉన్నప్పుడు ఫోన్ మోగింది. కిటికీ బయట పెద్ద వరస ఉంది. అయినా తీసింది.

"సేరినాను," అంది సరోజిని.

"మంచిది," అంది మహేశ్వరి. ఇంకేదో అనాలని ఊపిరి తీసుకునేలోగా అవతల కట్ అయింది.

వరసలో ముందున్న మనిషి ఫారం లోపలికి తోశాడు. ఆమె తీసుకుంది. ఆ తర్వాత సరోజిని మళ్లీ ఫోన్ చెయ్యలేదు. మహేశ్వరి రెండుమూడుసార్లు నంబరు తీసి, నొక్కకుండా పక్కన పెట్టింది. కార్తీకం మళ్లీ వచ్చింది. పాస్ రాయించుకున్నావా అని పక్క క్వార్టర్ ఆవిడ అడిగింది. ఇంకా లేదు, చూస్తాను అంది మహేశ్వరి.